పాత ఇంటి హీటింగ్: థర్మోస్టాట్ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ప్రశ్నలన్నీ అమెరికాలో పాత ఇళ్లు కొనుక్కున్న పాఠకుల నుంచి వచ్చినవే. ముందుగా ఒక హెచ్చరిక. ఇంట్లో గ్యాస్ వాసన వస్తుంటే ఈ కింద రాసినవేవీ చేయకండి. లైటు స్విచ్చు కూడా ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చేసి, అక్కణ్ణుంచి గ్యాస్ కంపెనీకో 911కో ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా అంతే.

ప్రశ్న: మాది 1960ల నాటి ఇల్లు. హాల్లో గోడకి గుండ్రటి పాత హనీవెల్ థర్మోస్టాట్ ఉంది. 72 డిగ్రీల (ఫారెన్‌హీట్) దాకా తిప్పినా బేస్‌మెంట్‌లో ఫర్నేస్ ఉలకదు, పలకదు. థర్మోస్టాట్ మార్చేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ట్రాయ్, మిషిగన్

జవాబు: మార్చే ముందు ఒక పావుగంట కేటాయించి, తప్పు గోడ మీద ఉందో బేస్‌మెంట్‌లో ఉందో తేల్చుకోండి. హీట్ రాకపోతే అందరి చూపూ ముందు థర్మోస్టాట్ మీదే పడుతుంది. కానీ అది చేసే పనల్లా రెండు వైర్లను కలపడం, విడదీయడం. మీ దగ్గరున్నది టీ87 రకం. 1953లో అమ్మకానికి వచ్చిన మోడల్ అది. లోపల చుట్ట చుట్టిన రెండు లోహాల పట్టీ, దాని చివర చిన్న గాజు గొట్టం, అందులో పాదరసం ఉంటాయి. గది చల్లబడితే పట్టీ కదిలి గొట్టం ఒరుగుతుంది. పాదరసం దొర్లి రెండు తీగల కొసలను కలుపుతుంది. ఫర్నేస్ దగ్గరున్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే 24 వోల్టుల కరెంటు 'ఆర్' వైరులో వచ్చి, ఆ పాదరసం మీదుగా 'డబ్ల్యూ' వైరులోకి దాటి, గ్యాస్ వాల్వుకు చేరుతుంది.

గుండ్రటి మూతను ముందుకు లాగితే ఊడి వస్తుంది. డయల్‌ను నెమ్మదిగా ఎక్కువ వైపు తిప్పుతూ గాజు గొట్టాన్ని చూడండి. పాదరసం బొట్టు తీగలున్న కొసకు దొర్లితే ఆ భాగం బాగానే ఉన్నట్టు. దొర్లకపోతే చుట్టకు దుమ్ము గానీ బూజు గానీ పట్టి ఉంటుంది. మెత్తటి కుంచెతో దులపండి. చేత్తో మాత్రం చుట్టను నొక్కకండి, వంగిపోతే ఇక సరిగ్గా పనిచేయదు.

ఇక అసలు పరీక్ష. ఫర్నేస్ పక్కన లైటు స్విచ్చులా కనిపించే సర్వీస్ స్విచ్చును ఆపండి, లేదా బ్రేకర్ ఆపండి. థర్మోస్టాట్‌ను గోడ పలకకు పట్టి ఉంచే స్క్రూలు వదులు చేసి బయటికి తీయండి. పలక మీద ఆర్, డబ్ల్యూ వైర్లను విప్పి, వాటి కొసలు రెండూ మెలిపెట్టండి. విప్పగానే వైర్లను ఒక పెన్సిల్‌కు చుట్టి ఉంచుకోండి. గోడలోకి జారిపోయాయంటే మళ్లీ బయటికి లాగడం పెద్ద పని. ఇప్పుడు స్విచ్చు వేసి రెండు నిమిషాలు ఆగండి. కొత్త తరం ఫర్నేసుల్లో ముందు చిన్న ఫ్యాన్ తిరిగి, తర్వాత ఇగ్నైటర్ ఎర్రబడి, అప్పుడు మంట వస్తుంది కాబట్టి ఆ మాత్రం సమయం పడుతుంది.

మంట వచ్చిందా, తప్పు థర్మోస్టాట్‌ది. అప్పుడు కూడా వెంటనే పారేయనక్కర్లేదు. పలక మీద స్క్రూలు వదులైనా, వైరు కొస నల్లబడినా ఇదే లక్షణం. కొసను అర అంగుళం కొత్తగా ఒలిచి గట్టిగా బిగించి చూడండి. పరీక్ష అయ్యాక మెలిపెట్టిన వైర్లను మాత్రం విడదీయడం మరిచిపోకండి. కలిపే ఉంచితే ఇల్లు ఎంత వేడెక్కినా ఫర్నేస్ ఆగదు.

మంట రాలేదా, కిందికి వెళ్లండి. ఫర్నేస్ దగ్గరే ఆర్, డబ్ల్యూ టెర్మినళ్లను ఒక చిన్న వైరు ముక్కతో కలపండి. అక్కడ వెలిగి, గోడ దగ్గర వెలగకపోతే మధ్యలో వైరు తెగింది. ఎలుక కొరికి ఉండొచ్చు, మేకు దిగి ఉండొచ్చు. అక్కడా వెలగకపోతే లోపం ఫర్నేస్‌దే. ముందుగా ఫర్నేస్ తలుపు సరిగ్గా మూసుకుందా చూడండి. తలుపు వెనక ఒక సేఫ్టీ స్విచ్చు ఉంటుంది, అది నొక్కుకోకపోతే ఏదీ పనిచేయదు. తర్వాత కంట్రోల్ బోర్డు మీద కారు ఫ్యూజులాంటి 3 లేదా 5 ఆంపుల ఫ్యూజు చూడండి. అంతకంటే పాత ఫర్నేస్ అయితే బోర్డు ఉండదు, ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న పైలట్ మంట ఉంటుంది. అది ఆరిపోయి ఉంటే థర్మోస్టాట్ ఎంత అడిగినా గ్యాస్ వాల్వు తెరుచుకోదు. వెలిగించినా మళ్లీ మళ్లీ ఆరిపోతుంటే థర్మోకపుల్ (పైలట్ మంట వెలుగుతోందని గ్యాస్ వాల్వుకు తెలిపే చిన్న కడ్డీ) మార్చాలి.

మల్టీమీటర్ ఉంటే పని ఇంకా తేలిక. ఏసీ వోల్టుల్లో పెట్టి, ఫర్నేస్ దగ్గర ఆర్‌కీ 'సి'కీ (కామన్, అంటే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరిగి వెళ్లే టెర్మినల్) మధ్య కొలవండి. 24 నుంచి 28 మధ్య రావాలి. ఏమీ రాకపోతే ఫ్యూజో ట్రాన్స్‌ఫార్మరో పోయినట్టు. తర్వాత థర్మోస్టాట్ తగిలించి ఉండగా ఆర్, డబ్ల్యూ మధ్య కొలవండి. హీట్ అడగనప్పుడు 24 దగ్గర, అడిగినప్పుడు దాదాపు సున్నా చూపించాలి. అడుగుతున్నా 24 చూపిస్తుంటే థర్మోస్టాట్ కలపడం లేదు. 'ఆర్'నూ 'సి'నీ మాత్రం ఎప్పుడూ కలపకండి. అది నేరుగా షార్టు. ఫ్యూజు పోతుంది, ఫ్యూజు లేని పాత ఫర్నేస్‌లో ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది.

ప్రశ్న: పాత ఫర్నేస్ పోతే కొత్తది వేయించాం, థర్మోస్టాట్ మాత్రం పాత గుండ్రటిదే. ఇప్పుడు నాలుగైదు నిమిషాలు నడిచి ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. గది వేడెక్కదు. ఏం చేయాలండీ?
– ఒక పాఠకురాలు, కొలంబస్, ఒహాయో

జవాబు: మూత తీసి చూస్తే లోపల ఒక చిన్న స్కేలు, దాని మీద 0.10 నుంచి 1.2 దాకా అంకెలు, ఒక ముల్లు కనిపిస్తాయి. దీన్ని హీట్ యాంటిసిపేటర్ అంటారు. ఇంటికొచ్చిన టెక్నీషియన్లు కూడా తరచూ వదిలేసేది ఇదే. అదొక సన్నటి రెసిస్టెన్స్ తీగ. ఫర్నేస్ నడుస్తున్నంతసేపూ కంట్రోల్ కరెంటు దాని గుండా పోతూ, థర్మోస్టాట్ లోపలి చుట్టను కొద్దిగా వెచ్చబెడుతుంది. అందువల్ల గది పూర్తిగా వేడెక్కకముందే థర్మోస్టాట్ ఆపేస్తుంది, ఫర్నేస్‌లో మిగిలిన వేడి ఆ కాస్త లోటూ తీరుస్తుంది. ఆ ముల్లు మీ ఫర్నేస్ వాడే కరెంటుకు సరిపోయే అంకె మీద ఉండాలి. పాత ఫర్నేస్‌కు పెట్టిన అంకె కొత్తదానికి తక్కువైతే తీగ ఎక్కువగా వేడెక్కి, తొందరగా ఆపేస్తుంది. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే కావచ్చు.

సరైన అంకె గ్యాస్ వాల్వు లేబుల్ మీద ఉంటుంది. పాత గ్యాస్ వాల్వులకు సాధారణంగా 0.4 ఆంపులు, ఆయిల్ బర్నర్ కంట్రోళ్లకు 0.2. కొత్త ఎలక్ట్రానిక్ బోర్డులున్న ఫర్నేస్‌కు ఊహించకుండా కొలవడమే మంచిది. క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ దవడ మూసి కరెంటు కొలిచేది) ఉంటే ఒక పొడవాటి వైరును దాని దవడ చుట్టూ 10 చుట్లు చుట్టి, ఆ వైరుతో ఆర్, డబ్ల్యూ కలపండి. ఫర్నేస్ ఒక నిమిషం నడిచాక వచ్చిన అంకెను 10తో భాగించండి. 4 వస్తే 0.4 అన్నమాట. ముల్లును అక్కడ పెట్టి ఒక పూట గమనించండి. ఇంకా తొందరగా ఆగుతుంటే అర గీత పెద్ద అంకె వైపు జరపండి. ఒకేసారి ఎక్కువ జరిపితే గది రెండు మూడు డిగ్రీలు అదనంగా వేడెక్కి, చల్లబడి, మళ్లీ వేడెక్కుతుంటుంది.

ముల్లు సరిగ్గానే ఉంటే ఒకసారి మంట ఆగే తీరు చూడండి. మంట ఆరిపోయినా పెద్ద ఫ్యాన్ తిరుగుతూనే ఉండి, థర్మోస్టాట్‌లో పాదరసం ఇంకా కలిసే ఉంటే, ఆపింది థర్మోస్టాట్ కాదు. లోపలి వేడి హద్దు దాటి లిమిట్ స్విచ్చు ఆపింది. తొంభై పాళ్లు దానికి కారణం మూసుకుపోయిన ఫిల్టర్. అంగుళం మందం ఫిల్టర్‌ను చలికాలంలో నెలకోసారి తీసి వెలుతురుకు పట్టి చూడండి. అవతలి వెలుతురు కనపడకపోతే మార్చండి. వెంట్ల మీద సోఫాలు, తివాచీలు ఉంటే జరపండి.

ప్రశ్న: మా హాల్లో థర్మోస్టాట్ 73 చూపిస్తుంది, అదే అంతస్తులో బెడ్‌రూంలో పిల్లలు వణుకుతుంటారు. థర్మోస్టాట్ తప్పు చూపిస్తోందా? దాని కిందే మా పూజ అలమారా ఉంది, అదేమైనా కారణమా?
– ఒక పాఠకురాలు, నేపర్‌విల్, ఇల్లినాయ్

జవాబు: కారణం అదే కావచ్చు. దీపం వేడి తిన్నగా పైకే వెళ్తుంది. దానికి రెండు మూడు అడుగుల పైన థర్మోస్టాట్ ఉంటే, సాయంత్రం దీపారాధన చేసిన గంటసేపూ అది ఇల్లంతా వెచ్చగా ఉందనుకుంటుంది. టీవీ, టేబుల్ ల్యాంపు, మధ్యాహ్నం నేరుగా పడే ఎండ, గోడ అవతల ఉన్న వంటింటి స్టవ్వు కూడా ఇదే పని చేస్తాయి. అలమారా జరపడం మీకు కుదరకపోతే థర్మోస్టాట్‌నే మరో లోపలి గోడకు, నేల నుంచి 5 అడుగుల ఎత్తులో మార్పించుకోండి. 24 వోల్టుల వైరే కాబట్టి అది పెద్ద ఖర్చు కాదు.

అంతకుముందు నిజంగా తప్పు చూపిస్తోందో లేదో తేల్చుకోండి. దీపం వెలిగించని పూట, నమ్మకమైన థర్మామీటర్‌ను థర్మోస్టాట్ పక్కనే గోడకు టేపుతో అంటించి 20 నిమిషాల తర్వాత చూడండి. ఒకటి రెండు డిగ్రీల తేడా మామూలే. మీది పాదరసం రకమైతే గోడ పలక సమంగా ఉందా లేదా చూడండి. పలక కాస్త ఒరిగినా పెట్టిన అంకెకూ ఫర్నేస్ ఆగే అంకెకూ పొంతన ఉండదు. పలక పైన చిన్న లెవెల్ పెట్టి సరిచేయండి.

దీనికి తిరగబడిన సమస్య ఇంకొకటుంది. గది బాగా వేడెక్కినా థర్మోస్టాట్ చల్లగా ఉందంటూ ఫర్నేస్‌ను నడుపుతూనే ఉంటుంది. వైరు వచ్చే రంధ్రం గుండా గోడ లోపలి చల్లగాలి దాని వీపుకు తగలడం వల్ల ఇలా అవుతుంది. థర్మోస్టాట్ తీసి, వెలిగించిన అగరబత్తిని రంధ్రానికి జానెడు దూరంలో పట్టుకోండి. పొగ నిటారుగా పోకుండా పక్కకు చెదిరితే గాలి వస్తున్నట్టే. వైరు చుట్టూ గట్టిపడని పుట్టీ కుక్కి రంధ్రం మూయండి. ఇంత చిన్న పనికి దక్కే ఫలితం చూస్తే, పాత ఇల్లు కొన్నవాళ్లంతా మొదటి వారంలోనే చేసుకోవాల్సిన పని ఇది.

థర్మోస్టాట్ సరిగ్గానే ఉండి బెడ్‌రూం ఒక్కటే చల్లగా ఉంటే, అది గాలి పంపిణీ సమస్య. వెంటు తెరిచి ఉందా, తలుపు మూస్తే గాలి తిరిగి వెళ్లే దారి ఉందా చూడండి.

ప్రశ్న: 1920ల ఇల్లు, స్టీమ్ రేడియేటర్లు. పాత థర్మోస్టాట్ తీసి కొత్త స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టాం. అప్పట్నుంచి బాయిలర్‌కు దగ్గరున్న రేడియేటర్లు కాలిపోతున్నాయి, పై అంతస్తువి చల్లగా ఉంటున్నాయి. ఒక్కోసారి థర్మోస్టాట్ తనంతట తనే ఆరిపోతుంది.
– ఒక పాఠకుడు, జెర్సీ సిటీ, న్యూజెర్సీ

జవాబు: ఇక్కడ రెండు సమస్యలు కలిశాయి. మొదటిది, స్టీమ్ బాయిలర్ నీళ్లు మరిగించి, పైపుల్లో గాలిని బయటికి తోసి, ఆవిరిని చివరి రేడియేటర్ దాకా పంపాలి. దానికి ఒకసారి వెలిగితే చాలాసేపు నడవాలి. కొత్త థర్మోస్టాట్లు మామూలు ఫర్నేస్ అనుకుని గంటకు ఐదుసార్లు వెలిగించి ఆపేలా సెట్ అయి వస్తాయి. దగ్గరి రేడియేటర్లు వేడెక్కాక, ఆవిరి పై అంతస్తుకు చేరేలోపే బాయిలర్ ఆగిపోతుంది. ఇన్‌స్టాలర్ సెట్టింగుల్లోకి వెళ్లి హీటింగ్ రకాన్ని స్టీమ్ అని మార్చండి. అంకెల్లో అడిగితే గంటకు 1 పెట్టండి. వేడినీటి బాయిలర్‌కూ, సామర్థ్యం 90 శాతం దాటిన ఫర్నేస్‌కూ 3, మామూలు ఫర్నేస్‌కు 5, ఎలక్ట్రిక్ ఫర్నేస్‌కు 9.

రాత్రిళ్లు ఎక్కువ తగ్గించే అలవాటుంటే మానుకోండి. మామూలు ఫర్నేస్ ఉన్న ఇంట్లో రోజుకు 8 గంటలు 7 నుంచి 10 డిగ్రీలు తగ్గిస్తే ఏడాదికి 10 శాతం దాకా ఆదా అవుతుందని అమెరికా ఇంధన శాఖ చెప్పేది నిజమే. కానీ స్టీమ్ నెమ్మదిగా తేరుకుంటుంది. మూడు డిగ్రీలకు మించి తగ్గించకండి.

రెండోది, స్మార్ట్ థర్మోస్టాట్ నడవడానికి నిరంతరం కరెంటు కావాలి. పాత స్టీమ్ ఇళ్లల్లో గోడకు వచ్చేది రెండే వైర్లు, సి వైరు ఉండదు. రెండు వైర్ల నుంచే కాస్త కాస్త కరెంటు లాక్కుని బ్యాటరీ నింపుకుంటుంది, చాలకపోతే ఆరిపోతుంది. దీనికి సరైన మందు బాయిలర్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడో వైరు లాగడం. కుదరకపోతే రెండు డబుల్-ఏ సెల్లులతో నడిచే మామూలు డిజిటల్ థర్మోస్టాట్ పెట్టుకోండి. స్టీమ్ ఇంటికి అదే నయమని మా అభిప్రాయం.

పై రేడియేటర్లు ఇంకా చల్లగా ఉంటే వాటి పక్కనున్న గాలి వెంట్లు చూడండి. ఆవిరి వచ్చేటప్పుడు సన్నగా బుస వినపడాలి. వినపడకపోతే మూసుకుపోయింది, మార్చండి. ఒకే పైపు ఉన్న రేడియేటర్ వాల్వు పూర్తిగా తెరిచైనా ఉండాలి, పూర్తిగా మూసైనా ఉండాలి. సగం తెరిస్తే నీళ్లు వెనక్కి రాలేక పైపులు దబదబమని కొట్టుకుంటాయి. బాయిలర్ మీది ప్రెషర్ కంట్రోల్ 0.5 దగ్గర మొదలై 1.5 పౌండ్ల దగ్గర ఆగేలా ఉంటే చాలు. ప్రెషర్ పెంచితే వేడి పెరగదు.

ప్రశ్న: గదిగదికీ గోడ కింద ఎలక్ట్రిక్ బేస్‌బోర్డ్ హీటర్లున్నాయి. హోమ్ డిపోలో కొన్న థర్మోస్టాట్ పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, స్పోకేన్, వాషింగ్టన్

జవాబు: పెట్టె మీద 24 వోల్టులని ఉంటే వద్దు. మీ గోడలో ఉన్నది 240 వోల్టులు. పాత థర్మోస్టాట్ వెనక లావు వైర్లు, వాటికి ప్లాస్టిక్ టోపీలు ఉంటే అది లైన్ వోల్టేజ్ రకమే. 24 వోల్టులది తగిలిస్తే కాలిపోతుంది, మంటలూ రావచ్చు. లైన్ వోల్టేజ్ థర్మోస్టాటే కొనండి, అందులోనూ రెండు వైపులా కరెంటు తెంచే డబుల్ పోల్ రకం తీసుకోండి. ఆ సర్క్యూట్ మీదున్న హీటర్ల వాట్లన్నీ కూడి, 240తో భాగిస్తే ఆంపులు వస్తాయి. థర్మోస్టాట్ రేటింగ్ దానికంటే ఎక్కువ ఉండాలి. బ్రేకర్ ఆపి, టెస్టర్‌తో కరెంటు లేదని చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. 240 వోల్టుల పని అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ప్రశ్న: థర్మోస్టాట్ ఆఫ్ చేసినా ఫర్నేస్ మంట ఆగడం లేదు.
– ఒక పాఠకురాలు, షార్లెట్, నార్త్ కరోలినా

జవాబు: సర్వీస్ స్విచ్చుతో ఆపేసి, ఫర్నేస్ దగ్గర డబ్ల్యూ వైరు విప్పి, స్విచ్చు మళ్లీ వేయండి. మంట రాకపోతే థర్మోస్టాటైనా ఇరుక్కుంది, గోడలో రెండు వైర్లైనా కలిసిపోయాయి. ఈ మధ్య ఆ గోడకు ఫొటో ఫ్రేము తగిలించడానికి మేకు కొట్టారేమో చూడండి. వైరు విప్పినా మంట వస్తే గ్యాస్ వాల్వో బోర్డో పాడైంది. గ్యాస్ కాక్ మూసి, టెక్నీషియన్ వచ్చేదాకా వెలిగించకండి.

ప్రశ్న: సంక్రాంతికి ఊరెళ్తున్నాం, ఐదు వారాలు ఇల్లు ఖాళీ. హీట్ పూర్తిగా ఆపేయొచ్చా?
– ఒక పాఠకుడు, బఫెలో, న్యూయార్క్

జవాబు: ఆపొద్దు. జనవరిలో మీ దగ్గర పైపులు గడ్డకట్టి పగిలితే ఇల్లంతా నీళ్లే. థర్మోస్టాట్‌ను 55 డిగ్రీలకు తగ్గకుండా ఉంచండి. గోడల్లో పైపులుండే మూలలు హాలు కంటే చాలా చల్లగా ఉంటాయి. డిజిటల్ అయితే ఉత్తి అంకె మార్చి వదిలేయకుండా 'హోల్డ్' నొక్కండి, లేకపోతే పాత షెడ్యూల్‌కు తిరిగి వెళ్లిపోతుంది. సెల్లులతో నడిచేదైతే బయల్దేరే ముందు కొత్తవి వేయండి. అవి మధ్యలో అయిపోతే హీట్ అడిగేవాళ్లుండరు.

వీధి నుంచి వచ్చే నీళ్ల మెయిన్ వాల్వు మూసి కుళాయిలు తెరిచి ఖాళీ చేయడం మంచిదే. అయితే మీది బాయిలర్ ఇల్లయితే ముందు ఒకటి చూసుకోండి. బాయిలర్‌కు నీళ్లందించే పైపు మెయిన్ వాల్వు తర్వాతే చీలుతుంటే, మీరు మెయిన్ మూయగానే బాయిలర్‌కూ నీళ్లాగుతాయి. స్టీమ్ బాయిలర్‌లో నీళ్లు తగ్గితే లో వాటర్ కటాఫ్ దాన్ని ఆపేస్తుంది. పైపులు కాపాడబోయి ఇల్లే గడ్డకడుతుంది. అలాంటప్పుడు ఇంటి కుళాయిలకు వెళ్లే కొమ్మ మీది వాల్వు మాత్రం మూయండి. ఆయిల్ హీటింగ్ అయితే ట్యాంకు నింపించి వెళ్లండి.

వారానికి రెండుసార్లు లోపలికి వెళ్లి చూసే మనిషిని ఏర్పాటు చేసుకోండి. ఖాళీ ఇంట్లో హీట్ ఉంచకుండా, నీళ్లూ ఆపకుండా వదిలేస్తే పైపులు గడ్డకట్టి జరిగిన నష్టానికి చాలా బీమా పాలసీలు డబ్బివ్వవు. ఆయిల్ బర్నర్ ఆగిపోతే దాని మీది ఎర్ర రీసెట్ బటన్‌ను ఒక్కసారే నొక్కాలని ఆ వచ్చే మనిషికి చెప్పి వెళ్లండి. మళ్లీ మళ్లీ నొక్కితే మండని ఆయిల్ లోపల చేరి, వెలిగినప్పుడు ఒక్కసారిగా అంటుకుంటుంది.

ప్రశ్న: పాత పాదరసం థర్మోస్టాట్ తీసేశాం. చెత్తలో వేయొచ్చా? గొట్టం పగిలితే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా

జవాబు: చెత్తలో వేయకండి. ఒక్కో గాజు గొట్టంలో దాదాపు 3 గ్రాముల పాదరసం ఉంటుంది. గొట్టాన్ని విడదీయకుండా థర్మోస్టాట్ మొత్తాన్ని జిప్ సంచిలో, గట్టి డబ్బాలో పెట్టండి. తయారీదార్లు కలిసి 1998లో పెట్టిన థర్మోస్టాట్ రీసైక్లింగ్ కార్పొరేషన్ పెట్టెలు చాలా హీటింగ్ సామాన్ల హోల్‌సేల్ దుకాణాల్లో ఉంటాయి. కౌంటీ వాళ్ల ప్రమాదకర చెత్త సేకరణలోనూ తీసుకుంటారు.

పగిలితే పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ బయటికి పంపి, తలుపు మూసి, కిటికీ తెరవండి. ఫర్నేస్ ఫ్యాన్ ఆపండి. చీపురు, వాక్యూమ్ వాడొద్దు, అవి పాదరసాన్ని చిన్న చిన్న బొట్లుగా చేసి ఇల్లంతా చల్లుతాయి. రబ్బరు గ్లోవ్స్ వేసుకుని, గట్టి అట్టముక్కతో బొట్లను ఒకచోటికి నెట్టి, మందుల డ్రాపర్‌తో పీల్చి తడి కాగితం మీదికి వదలండి. గదిలో దీపాలార్పి, టార్చి నేలకు దగ్గరగా అడ్డంగా వేస్తే మిగిలినవి మెరుస్తాయి. వాటిని టేపుతో అద్దండి. వాడినవన్నీ, గ్లోవ్స్‌తో సహా, జిప్ సంచిలో వేసి అదే సేకరణ కేంద్రానికి ఇవ్వండి. తివాచీ మీద పడితే కడగకండి, ఆ భాగం కోసి సంచిలో పెట్టండి.